నూనె డబ్బా నిండా చిల్లర: బయటికి పంపే దారేది?

ప్రశ్న: మాది విశాఖపట్నం గాజువాక. మూడేళ్ళుగా ఇంట్లో మిగిలిన చిల్లరంతా అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాలో వేస్తున్నాం. ఇప్పుడది మెడ దాకా నిండింది, ఎత్తబోతే కదలడం లేదు. బ్యాంకులో అడిగితే కౌంటర్లో ఆవిడ "ఇంత చిల్లర ఇప్పుడు కుదరదమ్మా" అన్నారు. పది రూపాయల బిళ్ళలైతే మా వీధి కొట్టాయన ముట్టుకోడు. కొన్నిటికి తుప్పు మరకలు, కొన్ని నల్లబడ్డాయి. మా అత్తగారి పెట్టెలో పావలాలు, పది పైసలు, రాజు బొమ్మ రూపాయిలు కూడా ఉన్నాయి. పాత బిళ్ళలకి లక్షలిస్తారట అంటూ మా అబ్బాయి ఫోన్లో వీడియోలు చూపిస్తున్నాడు. పైగా ఇప్పుడు అంతా స్కాన్ చేసి కట్టడమే కాబట్టి చిల్లర రావడం కూడా తగ్గింది. ఈ అలవాటు కొనసాగించాలా, మానేయాలా?

జవాబు: ముందు ఆ డబ్బాని ఎత్తే ప్రయత్నం మానుకోండి. లీటరు పట్టే పాత్రని బిళ్ళలతో నింపితే నాలుగు కిలోలు దాటుతుంది. మీది ఇరవై కిలోల పైమాటే. ఆ ప్లాస్టిక్ అయిదు లీటర్ల నూనె బరువు మోయడానికి చేసింది, దానికి నాలుగింతలు వేలాడదీస్తే పిడి దగ్గరో అడుగు అంచులోనో చిరుగుతుంది, కాలి మీద పడుతుంది. ఉన్నచోటే పాత దుప్పటి పరిచి, డబ్బాని నెమ్మదిగా ఒరగదీసి, గ్లాసుతో తోడుకోండి.

లోపల ఎంత ఉందంటారా, డబ్బాని చూసి చెప్పలేం. ఇరవై కిలోలూ రూపాయి బిళ్ళలే అయితే అయిదారు వేలు. అయిదు రూపాయల బిళ్ళలే అయితే పదహారు వేలు దాకా. చిల్లర దాచేవాళ్ళు మొదట తెలుసుకోవాల్సింది ఈ తేడానే. వెయ్యి రూపాయలు రూపాయి బిళ్ళల్లో దాస్తే మూడు కిలోల పైన బరువు. రెండు రూపాయల్లో రెండు నుంచి రెండున్నర కిలోలు. అయిదు రూపాయల్లో 1,200 నుంచి 1,350 గ్రాములు. పది రూపాయల బిళ్ళల్లో 771 గ్రాములు. ఇరవై రూపాయల బిళ్ళల్లో అయితే 427 గ్రాములే, యాభై బిళ్ళలు చిన్న పర్సులో పట్టేస్తాయి. మీ డబ్బా అంత బరువెక్కడానికి కారణం ఎక్కువ డబ్బు కాదు, తక్కువ విలువ బిళ్ళలు. రూపాయిలూ రెండ్రూపాయలూ దాచడానికి పనికిరావు, అవి తిరగడానికే పుట్టాయి. అయిదు, పది, ఇరవై మాత్రం దాచదగ్గవి. ఇక మీదట మీరు మార్చుకోవాల్సిన పద్ధతి ఇదొక్కటే, దానికి మళ్ళీ వస్తాం. ముందు ఉన్నదాన్ని వదిలించుకుందాం.

ఏరడం చేత్తో మొదలెడితే గంటలు పడుతుంది. పాడైపోయిన స్పీకర్లో ఉండే గుండ్రటి అయస్కాంతం ఒకటి సంపాదించండి, రేడియో, టీవీ రిపేరు కొట్లలో దొరుకుతుంది. దాన్ని పాల కవర్లాంటి పల్చటి కవర్లో వేసి మూతి పట్టుకుని కుప్ప మీద తిప్పండి. ఇప్పుడు చలామణీలో ఉన్న రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు చాలావరకు అయస్కాంతం పట్టే రకం స్టెయిన్‌లెస్ స్టీలువి, అవి గుత్తులుగా అంటుకొస్తాయి. ఖాళీ బేసిన్ మీదికి తెచ్చి అయస్కాంతాన్ని కవర్లోంచి పైకి లాగితే అన్నీ ఒక్కసారి రాలిపోతాయి. కవరు లేకుండా చేస్తే ఒక్కో బిళ్ళనీ పీక్కోవాల్సి వస్తుంది. పసుపు రంగు అయిదు రూపాయల బిళ్ళలు, ఇరవై రూపాయల బిళ్ళలు అంటుకోవు, కిందే ఉంటాయి. పది రూపాయల బిళ్ళ ఒకటీ అరా అంటుకొచ్చినా రెండు రంగులుంటుంది కనుక కంటికి ఇట్టే దొరుకుతుంది. మధ్యలో కొన్నేళ్ళు తెల్ల స్టీలు అయిదు రూపాయల బిళ్ళలు కూడా వచ్చాయి, అవి రూపాయిలతో కలిసి వస్తాయి, ఏరి వేరు చేయండి.

అసలు చిక్కు రూపాయి, రెండు రూపాయల దగ్గర. 1992 నుంచి 2004 దాకా వచ్చిన స్టీలు రూపాయి బిళ్ళ అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. 2011లో రూపాయి గుర్తుతో వచ్చిన రెండు రూపాయల బిళ్ళకి కూడా సరిగ్గా అవే కొలతలు! దొంతి పెట్టినా, తూచినా రెండూ ఒకటే. 2019 తర్వాతి కొత్త రెండు రూపాయల బిళ్ళ 23 మిల్లీమీటర్లు, 2011 నాటి రూపాయి 22 మిల్లీమీటర్లు, ఇవీ పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. కాబట్టి సైజు చూసి ఏరొద్దు, అంకె చూసి ఏరండి. చేతి గుర్తున్న బిళ్ళల్లో ఒక బొటనవేలు లేచి ఉంటే రూపాయి, రెండు వేళ్ళుంటే రెండు రూపాయలు. బ్యాంకు వాళ్ళు మీ లెక్కకీ తమ లెక్కకీ పది ఇరవై రూపాయలు తేడా వచ్చిందని ప్యాకెట్లు వెనక్కి తోసేయడానికి ఈ జంట బిళ్ళలు కూడా ఒక కారణం కావచ్చు.

వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే పని తేలికే కానీ ఒక షరతు: ఒకే రకం బిళ్ళలే తూచాలి. 2011 రకం రూపాయిలు వంద 379 గ్రాములు, 2019 రకం వంద 309 గ్రాములు. కలిపి తూస్తే లెక్క ఎటూ కాకుండా పోతుంది. అయిదు రూపాయల్లో పాత మందపాటి తెల్ల బిళ్ళ 9 గ్రాములు, తర్వాతిది 6, ఇప్పటిది 6.74. పది రూపాయల బిళ్ళల్లో మాత్రం ఈ బాధ లేదు, పాతది 7.71, కొత్తది 7.74. వంద కలిపి తూచినా మూడు గ్రాముల తేడాయే, ఒక్క బిళ్ళ బరువు కూడా కాదు. త్రాసు లేకపోతే పది బిళ్ళలు లెక్కపెట్టి ఒక దొంతి పెట్టి, మిగతా దొంతులు దాని ఎత్తుకి సమం చేసుకుంటూ పొండి. ఇది కూడా ఒకే రకానికే.

లెక్క తేలాక వంద బిళ్ళలకో ప్యాకెట్ కట్టండి. జిప్ కవర్లు పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ప్లాస్టిక్ సామాను కొట్లలో వందల కట్టగా దొరుకుతాయి. రబ్బరు బ్యాండ్లు వేయొద్దు, రబ్బర్లో ఉండే గంధకం పసుపు రంగు బిళ్ళల్ని నల్లబరుస్తుంది. కవరు లోపల ఒక చీటీ వేయండి: ఎన్ని బిళ్ళలు, ఏ విలువ, మొత్తం ఎంత. మిశ్రమం ప్యాకెట్ ఒక్కటి కూడా కట్టొద్దు. చివర్లో మిగిలిన ముప్పయ్యో నలభయ్యో బిళ్ళలు ఇంట్లో ఖర్చుకి ఉంచేసుకోండి.

ఇప్పుడు బ్యాంకు సంగతి. చిల్లర డిపాజిట్‌కి రిజర్వ్ బ్యాంకు ఏ పరిమితీ పెట్టలేదు. అన్ని విలువల నాణేలనీ అన్ని శాఖలూ తీసుకోవాలని ఎన్నోసార్లు చెప్పింది. రూపాయి, రెండు రూపాయల బిళ్ళల్ని తూకం వేసి తీసుకోవచ్చనీ, వంద చొప్పున కవర్లలో తెస్తే ఇద్దరికీ వీలనీ కూడా దాని ఆదేశాల్లోనే ఉంది. కాబట్టి మీకు "కుదరదు" అన్న జవాబు సరైంది కాదు. అయినా కౌంటర్లో కూర్చున్న మనిషి వైపు నుంచి కూడా చూడాలి. విడి బిళ్ళలు ఇరవై కిలోలు బల్ల మీద పోస్తే వెనక వరస ఆగిపోతుంది, సాయంత్రం లెక్క తప్పితే ఆ మనిషి జేబులోంచే పడుతుంది. నెల మొదటి వారం పింఛన్లు, జీతాల రద్దీ. సోమవారాలు అంతే. నెల మధ్యలో మంగళవారమో బుధవారమో ఒకరోజు ముందు వెళ్ళి, "వంద బిళ్ళల ప్యాకెట్లు ఇన్ని ఉన్నాయి, రేపు ఎన్నింటికి తెమ్మంటారు?" అని మేనేజర్‌ని అడగండి. ప్యాకెట్లు అన్న మాట వినగానే సగం పేచీ తీరిపోతుంది. ఒక్కసారే అంతా మోసుకుపోకుండా అయిదు కిలోల చొప్పున నాలుగు దఫాలు చేయండి. రెట్టింపు కుట్టున్న గుడ్డసంచీ వాడండి, క్యారీ బ్యాగు తెగుతుంది. మీ శాఖలో చోటు లేదంటే, కరెన్సీ చెస్ట్ (రిజర్వ్ బ్యాంకు తరఫున నోట్లు, నాణేలు నిల్వ ఉంచే ఖజానా) ఉన్న శాఖ మీ బ్యాంకుకి దగ్గర్లో ఎక్కడుందో వాళ్ళనే అడగండి. అలాంటి చోట చిల్లర రాకపోకలు రోజూ ఉండేవే.

అప్పటికీ కాదంటే కారణం కాగితం మీద రాసిమ్మనండి. చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది. లేకపోతే బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు, రుసుము లేదు.

కొట్టు వేరు, బ్యాంకు వేరు. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయీ అంతకు మించిన బిళ్ళలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే చెల్లుబాటు. అర్ధరూపాయిలైతే పది రూపాయల వరకే. అంతకు మించి ఇస్తే వద్దనే హక్కు కొట్టు వాళ్ళకుంది. పది రూపాయల బిళ్ళ మాత్రం ఏ రూపంలో ఉన్నా చెల్లుతుంది. రూపాయి గుర్తున్నదీ లేనిదీ, గీతలు పదున్నదీ పదిహేనున్నదీ అని జనం వంకలు పెడుతుంటే, 14 రకాల డిజైన్లు వచ్చాయనీ అన్నీ చెల్లుతాయనీ 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ప్రకటనే ఇచ్చింది. మీ వీధి కొట్టాయనకి ఇది తెలియక కాదు, తన దగ్గర మళ్ళీ ఎవరూ తీసుకోరన్నదే ఆయన భయం. ఆయనతో చట్టం మాట్లాడి లాభం లేదు. ఆ బిళ్ళల్ని ప్యాకెట్లు కట్టి నేరుగా బ్యాంకుకే ఇవ్వండి.

రూపాయిలకీ రెండ్రూపాయలకీ అయితే బ్యాంకు కన్నా మంచి దారి ఊళ్ళోనే ఉంది. రైతుబజారులో ధరలు 23, 37 అంటూ విడి రూపాయల్లో ఉంటాయి, పొద్దున్న ఏడింటికల్లా అమ్మేవాళ్ళ దగ్గర చిల్లర అయిపోతుంది. గాజువాకలోనైనా ఎంవీపీ కాలనీలోనైనా, పొద్దున్నే వెళ్ళి ఒక వంద రూపాయి బిళ్ళల ప్యాకెట్ ఇస్తే నోటు ఆనందంగా ఇస్తారు. టిఫిన్ బళ్ళు, టీ కొట్లు, జిరాక్స్ షాపులు, షేర్ ఆటోల వాళ్ళూ అంతే. మార్గశిర మాసం గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దారిలో పూలు, కొబ్బరికాయల దుకాణాలకి చిల్లర ఎంతున్నా చాలదు. మీ డబ్బా ఖాళీ చేసేది ఆ నెలకి కలిసొస్తే రెండు గురువారాల్లో రూపాయి బిళ్ళలన్నీ తీరిపోతాయి. చిల్లరిచ్చినందుకు నూటికింత అని కమీషన్ అడిగేవాళ్ళూ, ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. వందకి వంద పుచ్చుకోండి, చాలు.

ఇక కొనసాగించాలా అన్నదానికి: కొనసాగించండి, డబ్బా మార్చండి. అయిదు లీటర్లది పారేసి ఒక లీటరు ప్లాస్టిక్ పచ్చడి జాడీ పెట్టుకోండి. గాజుది వద్దు, నిండాక జారితే ముక్కల్లోంచి బిళ్ళలు ఏరుకోవాలి. మూతకి చీలిక పెట్టాలంటే పది, ఇరవై రూపాయల బిళ్ళల అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు కాబట్టి పొడవు 30, వెడల్పు 4 మిల్లీమీటర్లు ఉండాలి. పాత కత్తి మొనని పొయ్యి మీద కాల్చి కోస్తే శుభ్రంగా వస్తుంది. కొట్లో దొరికే బొమ్మల కిడ్డీ బ్యాంకులు కొన్నిట్లో చీలిక చిన్నది, ఇరవై రూపాయల బిళ్ళ పన్నెండు పలకలది, మూలలు తట్టుకుని మధ్యలో ఇరుక్కుంటుంది. ఈ జాడీలోకి అయిదు, పది, ఇరవై మాత్రమే. పది రూపాయల బిళ్ళలే నిండితే లీటరు జాడీలో అయిదు వేలు దాటుతుంది. రూపాయిలకీ రెండ్రూపాయలకీ గుమ్మం దగ్గర ఒక చిన్న గిన్నె పెట్టండి, వారానికోసారి కూరగాయలకి వెళ్ళేటప్పుడు దాన్ని సంచిలో గుమ్మరించుకుని ఖర్చు పెట్టేసి రావాలి.

జాడీ నిండేదాకా ఆగొద్దు. నెలకోసారి, పదో తారీఖు అనుకోండి, ఖాళీ చేయండి. తారీఖు ఎందుకంటే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు) పదిహేనో తారీఖు లోపు తెరిస్తే ప్రతి నెలా పదిహేను లోపే కట్టాలి. తర్వాత తెరిస్తే నెలాఖరు పనిదినం దాకా గడువు. నెలకి కనీసం 100, ఆపైన పదుల లెక్కన ఎంతైనా, అయిదేళ్ళు. తప్పితే వందకి రూపాయి చొప్పున జరిమానా. నాలుగు నెలలు మించి తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోగా బకాయిలు కట్టి మళ్ళీ నడిపించుకోవాలి. 2023 అక్టోబరులో దీని వడ్డీ 6.7 శాతం చేశారు. ఆ రేటుకి నెలకి 500 కడితే అయిదేళ్ళలో కట్టిన 30,000కి దాదాపు 35,680 వస్తుంది. రేటు మూడు నెలలకోసారి సమీక్షిస్తారు, మీరు తెరిచిన రోజు ఉన్న రేటే చివరిదాకా నడుస్తుంది కాబట్టి ఆ రోజు అడిగి తెలుసుకోండి. జాడీలో నెలకి ఎంత పడుతుందో రెండు నెలలు చూసి, అందులో తక్కువ వచ్చిన నెల మొత్తానికే ఖాతా తెరవండి. ఎక్కువకి తెరిచి జరిమానాలు కట్టేవాళ్ళే ఎక్కువ.

ఇక్కడో కిటుకు. జాడీలోని బిళ్ళల్నే పోస్టాఫీసుకి మోయనక్కర్లేదు. వాటిని ఇంటి ఖర్చుకి వాడేసి, అంతే మొత్తం ఫోన్లోంచి ఖాతాకి పంపండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు యాప్‌లో ఆర్డీ కట్టే వీలుంది. బిళ్ళలు సంతకెళ్ళాయి, డబ్బు పొదుపులోకెళ్ళింది, కౌంటర్ దగ్గర ఎవరినీ బతిమాలలేదు. అయితే ఈ రెండు పనులూ ఒకే రోజు చేయాలి. "రేపు పంపుతాలే" అన్న చోట బిళ్ళలు ఖర్చయిపోతాయి, పంపాల్సింది మిగిలిపోతుంది.

చిల్లర రావడం తగ్గిందన్నారు, నిజమే. స్కాన్ చేసి కట్టినప్పుడు చిల్లర పుట్టదు కాబట్టి మీరే పుట్టించాలి. రాత్రి పూట ఆ రోజు చెల్లింపుల జాబితా తెరిచి, ఒక్కోదాన్నీ పై పదికి సరిచేయండి: 43 కట్టిన చోట 7, 128 దగ్గర 2. మొత్తం చీటీ మీద రాసుకుని, ఆదివారం ఒక్కసారే వేరే ఖాతాలోకి మార్చండి. రోజూ మార్చబోతే నాలుగో రోజుకే విసుగొస్తుంది. ఇంకో దారి కూడా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్ళకి ఛార్జీ లేదు కదా. మీరు గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళొచ్చిన రోజు, ఆ ఛార్జీ ఎంతయ్యేదో అంత జాడీలో వేయండి. ఎటూ పెట్టాల్సిన ఖర్చే కాబట్టి ఇంటి లెక్క తలకిందులు కాదు.

తుప్పు గురించి. స్టెయిన్‌లెస్ స్టీలు అయినా ఉప్పుతేమ తగిలితే చుక్కలు చుక్కలుగా మరకలు పడతాయి. మన ఊళ్ళో సముద్రపు గాలి ఒకటి, చేపల బజారు నుంచి తడి చేత్తో తెచ్చిన బిళ్ళ ఒకటి, రెండూ కలిస్తే డబ్బా అడుగున అదే జరుగుతుంది. మరకున్నా విలువ పోదు, బ్యాంకు తీసుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు వేసి కడిగి, మంచినీళ్ళలో జాడించి, నూలు గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. చింతపండు, నిమ్మకాయ, పూజ సామాను తోమే పొడి వాడొద్దు. పసుపు రంగు అయిదు రూపాయల బిళ్ళలో ముప్పావు వంతు రాగి, పులుపు తగిలితే పైపొర పోయి ఎర్రబారుతుంది, అప్పుడు కొట్టాయన దొంగ బిళ్ళేమో అని అనుమానంగా చూస్తాడు.

చిన్నపిల్లలుంటే జాడీ అటక మీదే ఉండాలి. బిళ్ళ మింగితే అరటిపండు పెట్టడం, వాంతి చేయించడం వద్దు, వెంటనే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించాలి. చొంగ కారుతున్నా, గుటక పడకపోయినా ఒక్క నిమిషం ఆగొద్దు.

మీ అత్తగారి పెట్టె. పావలా, అంతకంటే చిన్న బిళ్ళలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు, బ్యాంకు కూడా తీసుకోదు. అర్ధరూపాయి ఇప్పటికీ చెల్లుతుంది. మీ అబ్బాయి చూపించే వీడియోల్లో వైష్ణోదేవి బొమ్మ అయిదు రూపాయల బిళ్ళకి లక్షలని ఉంటుంది. ఆ బిళ్ళ 2012లో లెక్కలేనన్ని వేశారు, దాని విలువ అయిదు రూపాయలే. ఈ ప్రకటనల వాళ్ళు ముందు రిజిస్ట్రేషన్ అనీ, పన్ను అనీ మీ దగ్గరే డబ్బు లాగుతారు. తమ పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా. ఓటీపీ గానీ ఖాతా వివరాలు గానీ ఇవ్వొద్దని అబ్బాయికి చెప్పండి.

రాజు బొమ్మ రూపాయిల్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కడగొద్దు, తోమొద్దు, ముందు మీద ఉన్న సంవత్సరం చూడండి. 1939 వరకు వచ్చినవి 11.66 గ్రాముల బరువులో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు కల్తీ. 1940 నుంచి 1945 దాకా అదే బరువులో సగం వెండి. 1947 నాటిది నికెలు, దాన్ని అయస్కాంతం పట్టుకుంటుంది, వెండిదాన్ని పట్టదు. స్పీకరు అయస్కాంతం మీ చేతిలో ఉంది కాబట్టి అత్తగారి ఎదురుగానే చూసుకోండి. వెండివి తేలితే అమ్మే ముందు ఒకరి దగ్గర కాకుండా ఇద్దరు ముగ్గురు కంసాలుల దగ్గర ఆ రోజు వెండి ధరకి లెక్క కట్టించండి. నాణేలు సేకరించేవాళ్ళు అరుదైన సంవత్సరానికి అంతకంటే ఎక్కువ ఇస్తారు, మామూలు సంవత్సరానికి ఇవ్వరు.